చెంచా పిడి లావు చెయ్యడం ఎలా? నాన్న కోసం అడుగుతున్నాను

నాన్నకూతురు
అందరికీ నమస్కారం. నాన్నకు పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. కుడిచెయ్యి ఇప్పుడు నోటిదాకా లేస్తోంది, వేళ్ళు కూడా సగం ముడుచుకుంటున్నాయి, కానీ పిడికిలి బిగవట్లేదు. చెంచా ఇస్తే పట్టుకుంటారు, రెండోసారి నోటి దగ్గరికి తెచ్చేలోపు అది వేళ్ళ మధ్య గిర్రున తిరిగిపోయి ఉన్నదంతా ఒళ్ళో పడుతుంది. అంతే, ఇక కంచం పక్కకు తోసేస్తారు. ఆకలి లేక కాదు. నేను తినిపిస్తే తింటారు గానీ ఆ కాసేపూ నా మొహం వంక చూడరు, అది నాకు చాలా కష్టంగా ఉంది.

పిడి లావుగా ఉంటే పట్టు దొరుకుతుందని చెప్పారు. పోయిన వారం చెంచాకి పాత తువ్వాలు ముక్క చుట్టి దారంతో బిగించాను. మొదటి రోజు బాగానే తిన్నారు. కడిగాక లోపల తడి ఆరక మూడో రోజుకి వాసన పట్టింది, తీసేశాను. దేంతో చేస్తే నిలుస్తుంది? ఎంత లావు ఉండాలి? ఇలాంటివి ఇంట్లో చేసుకున్నవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.

చిత్రిక
అమ్మా, నాది చెక్కపని. మా అమ్మకి కీళ్ళవాతం వచ్చినప్పటి నుంచి ఇంట్లో పిడి ఉన్న ప్రతి వస్తువుకీ పిడి మారుస్తూనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా. లావు ఎంత అని నన్ను కాదు, నాన్నగారి చేతిని అడుగు. పాత కాగితాలు తీసుకుని చెంచా కాడ చుట్టూ చుట్టి ఆయన చేతిలో పెట్టు. ఇంకో కాగితం చుట్టి మళ్ళీ పెట్టు. ఒకచోట వేళ్ళు దాని మీద తీరిగ్గా వాలతాయి, బొటనవేలి కొన చూపుడువేలిని తాకీ తాకనట్టు ఉంటుంది. అక్కడ ఆపి, కాగితాలు విప్పుకోకుండా టేపు అంటించి, అడ్డంగా ఎంత లావుందో కొలువు. చాలామందికి అది 3 నుంచి 4 సెంటీమీటర్ల మధ్య వస్తుంది, మా అమ్మకి మూడున్నర.

ఇంకో సంగతి. నువ్వు రాసినదాన్ని బట్టి ఇబ్బంది లావు ఒక్కదాంట్లోనే లేదు, చెంచా తిరిగిపోవడంలో ఉంది. గుండ్రటి పిడిని ఎంత లావు చేసినా సరైన పట్టు లేని చేతిలో తిరుగుతుంది. సుత్తి పిడి, గొడ్డలి కామ చూడు, గుండ్రంగా ఉండవు, కోలగా ఉంటాయి, చేతిలో తిరగకూడదనే అలా చేస్తారు. చెంచాకీ అంతే. ఏసీ పైపులకు తొడిగే నల్ల ఫోమ్ గొట్టం ఉంటుంది, అది నీళ్ళు పీల్చదు, బరువుండదు. అరచేతి వెడల్పు కన్నా కాస్త పొడుగ్గా ఒక ముక్క కోసి, చెంచా కాడకి రెండు వైపులా రెండు పలుచటి చెక్క బద్దలు టేపుతో కట్టి, దాని మీద ఈ గొట్టం తొడుగు. బద్దల వల్ల పిడి దానంతటదే కోలగా వస్తుంది. చెక్కతోనే చెయ్యాలంటే ఉప్పుకాగితంతో బాగా రుద్దాలి, స్పర్శ సరిగా లేని చేతికి చీలిక గుచ్చుకున్నా తెలియదు.

పునరావాసం
నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోజువారీ పనులు మళ్ళీ తమంతట తాము చేసుకునేలా సాయం చేసేదాన్ని. చిత్రిక గారు చెప్పిన కాగితాల పద్ధతి మేం కూడా వాడతాం, చాలా మంచిది. కొన్ని మాటలు కలుపుతాను.

ముందుగా, నాన్నగారు నీళ్ళు తాగేటప్పుడు దగ్గుతున్నారా, గొంతు తడిగా గరగరలాడుతోందా? అలా ఉంటే చెంచా సంగతి తర్వాత, ముందు మింగడం ఎలా ఉందో డాక్టరుకి చూపించండి. పక్షవాతం తర్వాత తిన్నది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది.

అది లేదంటే, చెయ్యి నోటిదాకా వచ్చాక మణికట్టు తిరుగుతోందో లేదో గమనించండి. మనం తెలియకుండానే చివర్లో మణికట్టుని లోపలికి తిప్పుతాం. అది తిరగకపోతే చెంచా ముక్కు వైపో చెంప వైపో వెళ్తుంది. అప్పుడు చెంచా మెడని ఎడమవైపుకి, అంటే ఆయన నోటివైపుకి కొంచెం వంచండి. స్టీలు చెంచాని గుడ్డలో పెట్టి పట్టకారతో వంచొచ్చు, ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా, ఆయన చేతిలో పెట్టి చూసుకుంటూ. కంచం కింద తడిగుడ్డ పరిస్తే జారదు. కంచానికి నిలువు అంచు ఉండాలి, లేకపోతే చెంచాలోకి ఎక్కాల్సింది కంచం దాటి పోతుంది.

వణుకు ఉన్నవాళ్ళకి బరువైన చెంచా మంచిదని చాలామంది చెప్తారు. కొందరికి నిజంగానే పని చేస్తుంది, కొందరి చెయ్యి ఐదు నిమిషాల్లో అలిసిపోతుంది. మీ నాన్నగారిది బలహీనత కాబట్టి బరువు వద్దు.

చక్రం
అక్కా, నాకు మెడ దగ్గర సి6 స్థాయిలో వెన్నుపాము దెబ్బతింది, పదకొండేళ్ళవుతోంది. వేళ్ళు అస్సలు కదలవు, మణికట్టు మాత్రం పైకి లేస్తుంది. ఈ పోస్టు కూడా చేతికి కట్టుకున్న పట్టీలో దోపిన స్టైలస్‌తోనే, అంటే ఫోను తెర మీద తాకించే పుల్లతోనే రాస్తున్నాను కాబట్టి దాని గురించి వివరంగా చెప్తాను. పిడి లావు చేసినా నాన్నగారికి పట్టు దొరక్కపోతే ఈ దారి ఉంది.

అరచేతి చుట్టూ ఒక పట్టీ, అరచేతి వైపు దాని మీద కుట్టిన చిన్న జేబు, అంతే. జేబు మూతి బొటనవేలి వైపు ఉండాలి. చెంచా కాడ ఆ జేబులో దోపుతారు. అదే జేబులో బ్రష్షు, పెన్ను, స్టైలస్, అన్నీ. పట్టీకి సంచీ బెల్టు గుడ్డ బాగుంటుంది, లోపల మెత్తటి పాత నూలుగుడ్డ వెయ్యాలి. బిగించడానికి వెల్క్రో, ఒక చివర లోహపు రింగు, వెల్క్రో ఆ రింగులోంచి వెళ్ళి వెనక్కి అంటుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, వెల్క్రో చివర బొటనవేలు పట్టేంత గుడ్డ ఉంగరం ఒకటి కుట్టాలి. ఎందుకంటే ఆ ఉంగరాన్ని పళ్ళతో లాగి నాకు నేనే కట్టుకుంటాను. మొదటి పట్టీ మా అన్నయ్య చేశాడు, చాలా గట్టిగా, అందంగా కుట్టాడు, కానీ ఇంకొకరు వచ్చి కట్టాలి. వాడి కష్టాన్ని చూసి నెల రోజులు చెప్పలేకపోయాను. చెప్పాక అర్ధగంటలో ఆ ఉంగరం కుట్టాడు. ఆ రోజు నుంచి పళ్ళు తోముకోవడానికి ఎవరి కోసమూ ఎదురుచూడలేదు.

జాగ్రత్త ఒకటి. కట్టిన మొదటిరోజు అర్ధగంటకి విప్పి చర్మం చూడండి. ఎర్రటి గుర్తు కాసేపట్లో పోతే పరవాలేదు. పోకపోతే అక్కడ ఒత్తుతోందని అర్థం, మళ్ళీ కుట్టాలి.

సూటిమాట
నాకొక సందేహం, తప్పుగా అనుకోవద్దు. ఇవన్నీ తయారైనవి అమ్ముతారు కదా, ఆర్డర్ పెడితే ఇంటికే వస్తాయి. పైపు ముక్కలతో, టేపుతో ఎందుకు ఇంత కష్టం?

చక్రం
అన్నా, దొరికేవి కొనండి, ఎవరూ వద్దనరు. నా చక్రాల కుర్చీ కొన్నదే, కింద కుషనూ కొన్నదే. కానీ కొన్నది నా ఒంటికి సరిపోయేలా మార్చుకునేది ఇంట్లోనే. ఇంకో మాట, మీరు ఇప్పుడు కొనమంటున్నవి ఒకప్పుడు ఎవరో తమ కోసం చేసుకున్నవే. 1655లో స్టీఫన్ ఫార్ఫ్లర్ అని జర్మనీలో ఒక గడియారాల పనివాడు, నడవలేడు, పళ్ళచక్రాలు చేతితో తిప్పితే కదిలే మూడు చక్రాల బండి తన కోసం తనే చేసుకున్నాడు. గడియారంలో పళ్ళచక్రాలు అమర్చే మనిషికే ఆ ఆలోచన వస్తుంది. మడిచి కారులో పెట్టుకునే కుర్చీ కూడా అంతే, గని ప్రమాదంలో నడుము దెబ్బతిన్న హెర్బర్ట్ ఎవరెస్ట్ తన స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1933లో చేశాడు. ఇవాళ్టికీ మడత కుర్చీల కింద ఎక్స్ ఆకారంలో కనిపించే కడ్డీలు ఆ చేతిపని నుంచి వచ్చినవే.

ఇంట్లో చెయ్యకూడనిది కూడా చెప్తాను, నేను పడ్డాను కాబట్టి. గాయమైన మొదటి ఏడాది, బండి ట్యూబులో సగం గాలి నింపి దాని మీద కూర్చుంటే ఒత్తిడి ఉండదని ఒకరు చెప్పారు. నడుము కింద స్పర్శ లేదు, నొప్పి తెలియదు. ట్యూబు మధ్య ఖాళీలో పిరుదు ఎముక వేలాడుతూ ఉంటుంది, చుట్టూ ఉన్న ఉంగరం రక్తాన్ని అక్కడికి రానివ్వదు. పుండు పడింది, మానడానికి ఐదు నెలలు బోర్లా పడుకున్నాను. స్పర్శ లేనివాళ్ళకి ట్యూబు, మధ్యలో బొక్క ఉన్న దిండు ఏదీ వద్దు. మంచి కుషన్ మీద ఉన్నా సరే, కనీసం అర్ధగంటకోసారి ముందుకో పక్కకో వాలి ఒత్తిడి మార్చాల్సిందే.

బుజ్జిగాడిఅమ్మ
చక్రం గారూ, చదువుతుంటే కళ్ళు తడిశాయి. ఇంత విడమరిచి రాసినందుకు దణ్ణం.

మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి, ఆరేళ్ళు. వాడి కుర్చీ అట్టపెట్టెలతో చేశాను. అట్టతో కుర్చీనా అనుకుంటారని ముందే చెప్తున్నా, దాని మీద నేను కూడా కూర్చుంటాను. జింబాబ్వేలో బెవిల్ ప్యాకర్ అనే ఉపాధ్యాయుడు 1970ల్లో ఈ పద్ధతి మొదలుపెట్టారు, పాత అట్టలు, కాగితాలు, పిండి జిగురు, అంతే సరుకు. దివ్యాంగ పిల్లల కుర్చీలు, నిలబెట్టే చట్రాలు చాలా దేశాల్లో ఇలా చేస్తున్నారు. మా థెరపిస్టు చూపించారు.

అట్టలో లోపల గాడులుంటాయి కదా, ఒక పొర గాడులు నిలువుగా ఉంటే పై పొర అడ్డంగా రావాలి. ఇలా ఆరేడు పొరలు అతికించి, మీద బరువు పెట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. పూర్తిగా అంటే పూర్తిగా. నేను తొందరపడి రెండు రోజులకే కోశాను, లోపల పచ్చిగా ఉండి బూజు పట్టింది, మొత్తం పారేశాను. రెండోసారి వారం ఆగాను. అంచులన్నిటికీ చిన్న చిన్న కాగితం ముక్కలు జిగురుతో అతికి, ఆఖర్న వార్నిష్ రెండు పూతలు.

కొలతలు మాత్రం థెరపిస్టు ముందు తీసుకోండి. నేను మొదట బాబుని పడుకోబెట్టి కొలిచాను. కూర్చుంటే కొలతలు వేరే. కూర్చోబెట్టి, పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి, అందులోంచి రెండు వేళ్ళ వెడల్పు తగ్గిస్తే అది సీటు లోతు. తగ్గించకపోతే అంచు మోకాలి వెనక ఒత్తుతుంది, వాడు ముందుకి జారిపోతాడు. పాదాలు గాల్లో వేలాడకూడదు, పూర్తిగా ఆనాలి. మా వాడికి పాదాల కింద పీట పెట్టిన రోజే తల నిలబెట్టడం తేలికైంది, పాదాలకీ తలకీ ఏం సంబంధం అని నేను ఆశ్చర్యపోయాను.

పునరావాసం
సంబంధం ఉందమ్మా. పాదాలు, తుంటి గట్టిగా ఆనితే నడుము స్థిరపడుతుంది, నడుము స్థిరంగా ఉంటేనే మెడా చేతులూ పని చేస్తాయి. బాబు ఎదిగేకొద్దీ కొలతలు మళ్ళీ చూసుకోండి, ఇరుకైన కుర్చీలో వెన్ను పక్కకి వంగుతుంది.

రెండోఅంతస్తు
స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ గురించి ఎవరైనా చెప్తారా? మా అత్తగారికి తుంటి ఆపరేషన్ అయింది. గోడకి తువ్వాలు వేసుకునే కడ్డీ ఉంటే అదే పట్టుకోమన్నాం. మూడో రోజు ఊడి చేతికొచ్చింది, ఆవిడ పడ్డారు, అదృష్టం కొద్దీ మణికట్టు బెణుకుతో పోయింది. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ తగ్గలేదు. నేనే పట్టుకోమన్నాను.

చిత్రిక
తల్లీ, నిన్ను నువ్వు తిట్టుకోవద్దు, చాలా ఇళ్ళలో ఇదే జరుగుతుంది. తువ్వాలు కడ్డీ తువ్వాలు బరువుకి చేసింది. పడబోయే మనిషి పట్టుకుంటే ఒంటి బరువంతా ఒక్క కుదుపులో దాని మీద పడుతుంది. రబ్బరు కప్పులతో గోడకి అంటుకునేవి కూడా వద్దు, అవి ఎప్పుడు వదులుతాయో తెలియదు. గట్టి గోడలోకి, టైలు దాటి లోపలికి దిగేలా బోల్టులు వేసిన కడ్డీయే కావాలి. బిగించాక ముందు నేను నా బరువంతా వేసి వేలాడి చూస్తాను, ఆ తర్వాతే పెద్దవాళ్ళని పట్టుకోనిస్తాను. ఎంత ఎత్తులో పెట్టాలో ఆవిడ్ని అక్కడ కూర్చోబెట్టి, లేవబోతూ చెయ్యి ఎక్కడికి వెళ్తుందో చూసి అక్కడ సుద్దతో గీత గియ్యి.

ఊతకర్ర ఉంటే దాని ఎత్తు కూడా సరిచూడు. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే మణికట్టు మడత ఎక్కడుంటుందో కర్ర పిడి అక్కడికి రావాలి. నొప్పి ఉన్న కాలికి రెండో వైపు చేత్తో పట్టుకోవాలి, చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. కర్ర కింద రబ్బరు బుష్ మీద గాడులు అరిగి నున్నగా అయితే వెంటనే మార్చు.

గుమ్మం దగ్గర వాలు కట్టేవాళ్ళకి కూడా ఒక లెక్క. 1 అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. మెట్టు 15 సెంటీమీటర్లుంటే వాలు 180 సెంటీమీటర్లు రావాలి. స్థలం లేదని నిటారుగా కడితే చక్రాల కుర్చీ వెనక్కి తిరగబడుతుంది.

చూపుడువేలు
నాకు చూపు లేదు. మా ఇంట్లో సాయం వస్తువులంటే రబ్బరు బ్యాండ్లు, జిగురు చుక్కలు. తలకి రాసుకునే సీసాకి ఒక బ్యాండు, ఒంటికి రాసుకునేదానికి రెండు. వాషింగ్ మెషీన్ తిప్పే బిళ్ళ మీద నేను వాడే రెండు చోట్ల మాత్రం గట్టిపడే జిగురు చుక్క. మా చెల్లి ప్రేమతో మొదట అన్ని గుర్తుల మీదా చుక్కలు పెట్టింది, వేలికి అన్నీ ఒకేలా తగిలి ఏదేదో తెలియలేదు. గోకి తీసేసి రెండే ఉంచాను.

ఇంట్లోవాళ్ళకి ఒక విన్నపం. వస్తువుకి గుర్తు పెట్టడం కన్నా పెట్టినచోట ఉంచడం పెద్ద సాయం. బయట మాత్రం గుర్తు ఎదుటివాళ్ళ కోసం కూడా కావాలి. బ్రిస్టల్‌లో జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫర్ ప్రమాదంలో చూపు పోయాక, బండ్లు నడిపేవాళ్ళకి కనిపించాలని 1921లో తన చేతికర్రకి తెల్లరంగు వేసుకున్నాడు. అంత చిన్న పని. నా చేతిలో ఇప్పుడున్న కర్ర ఆ రంగుదే.

మౌనభాష
మావారికి మోటార్ న్యూరాన్ జబ్బు, కండరాలని కదిలించే నరాలు క్రమంగా పాడైపోతాయి. మాట పోయింది, చేతులు పోయాయి, కళ్ళు బాగున్నాయి, మనసు పూర్తిగా పూర్వంలాగే ఉంది. మేం వాడే అక్షరాల అట్ట గురించి చెప్తాను, తెలుగు వాళ్ళకి ఇది నిజంగా కలిసొచ్చే విషయం.

చిన్నప్పుడు నేర్చుకున్న వరుసలే మనకి అట్ట. మొదటి వరుస అచ్చులు, రెండోది క, మూడోది చ, తర్వాత ట, త, ప, ఆ తర్వాత య ర ల వ, చివర శ ష స హ ళ. నేను "అచ్చులా? క వరుసా? చ వరుసా?" అని అడుగుతూ వెళ్తాను, కావాల్సిన వరుస రాగానే ఆయన కళ్ళు పైకెత్తుతారు. మళ్ళీ ఆ వరుసలో అక్షరాలు ఒక్కొక్కటే చదువుతాను. గుణింతాలు మొదట్లో అడిగేదాన్ని, ఇప్పుడు అవసరం లేదు. ఒకరోజు క, తర్వాత ట, మళ్ళీ క వచ్చింది. "కిటికీ?" అన్నాను. కళ్ళు పైకి. తెరిచాను. ఎండ మొహం మీద పడుతోంది, ఇంకొంచెం తెరవమని మళ్ళీ కళ్ళు. జబ్బు ముదిరాక ఆయన తనంతట తను నన్ను అడిగిన మొదటి పని అది.

ఙ, ఞ లాంటివి తీసేశాను, వరుస త్వరగా అయిపోతుంది. పక్కన ఒక వరుసలో మాటలే రాశాను, నొప్పి, దురద, పక్కకి తిప్పు, కఫం, ఆపు. "ఆపు" తప్పకుండా పెట్టండి. నేను తప్పు దారిలో ఊహిస్తూ పోతుంటే ఆయనకి నన్ను ఆపే దారి కావాలి.

నాన్నకూతురు గారూ, మీ నాన్నగారికి మాట ఎలా ఉంది? కావాలంటే అట్ట కొలతలు పంపిస్తాను.

పునరావాసం
ఇది చాలా గొప్పగా ఉంది, మౌనభాష గారూ. ఒక్కమాట, పక్షవాతంలో మాట దెబ్బతినడం రెండు రకాలుగా ఉంటుంది. నాలుక, పెదవులు బలహీనపడి మాట ముద్దగా వస్తుంటే అక్షరాల అట్ట పనికొస్తుంది. భాషే దెబ్బతింటే, అంటే అఫేసియా ఉంటే, అక్షరాలు కూర్చడం కూడా కష్టమే అవుతుంది, వాళ్ళకి బొమ్మలు, ఫొటోలు, సైగలు బాగా పని చేస్తాయి. స్పీచ్ థెరపిస్టు ఏ రకమో చెప్పగలరు.

నాన్నకూతురు
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించండి. నాన్నకి మాట కొంచెం ముద్దగా ఉంది కానీ అర్థమవుతుంది, మింగడం డాక్టరు చూసి పరవాలేదన్నారు.

కాగితాలు చుట్టడం మొదలుపెట్టాను. మూడో కాగితం దగ్గర నాన్న ఎడమచేత్తో నా చేతిలోంచి లాక్కుని తనే చుట్టుకున్నారు. నేను ఆపబోయి ఆగాను. వంకరగా చుట్టారు, విప్పారు, మళ్ళీ చుట్టారు, అర్ధగంట పట్టింది. చివరికి 4 సెంటీమీటర్లకి కొంచెం తక్కువ వచ్చింది, నేనైతే అంత లావు పెట్టేదాన్ని కాదు. చెక్క బద్దలు, ఫోమ్ గొట్టం చిత్రిక గారు చెప్పినట్టే. చెంచా మెడ మూడుసార్లు వంచాల్సి వచ్చింది, ప్రతిసారీ ఆయన నోటి దగ్గర పెట్టుకుని "ఇంకా" అన్నారు, మూడోసారి ఏమీ అనకుండా తినడం మొదలుపెట్టారు. నిన్న రాత్రి భోజనం మొత్తం తనే తిన్నారు. కొంచెం ఒలికింది, తువ్వాలు వేశాం. తింటూ మధ్యలో తలెత్తి నువ్వు తిన్నావా అని అడిగారు.

ఇప్పుడు బ్రష్షుకి కూడా చెయ్యమంటున్నారు. ఒక ఇబ్బంది, ఫోమ్ అంచులు అప్పుడే చిరుగుతున్నాయి, టేపు వేస్తే తడికి ఊడిపోతోంది. ఏం చెయ్యాలి?

చిత్రిక
చాలా సంతోషం తల్లీ. పాత సైకిల్ ట్యూబు అడ్డంగా అంగుళం వెడల్పున కోస్తే ఉంగరంలా వస్తుంది. రెండు అంచులకీ చెరొకటి తొడుగు. సబ్బునీళ్ళు రాస్తే జారుతుంది, ఆరాక కదలదు. బ్రష్షుకి కాగితాలు మళ్ళీ నాన్నగారినే చుట్టుకోమను, దానికి ఇంత లావు అక్కర్లేకపోవచ్చు.